బొంత మూలన అక్షరం

మా పెద్దమ్మకి వచ్చింది ఒకే ఒక్క అక్షరం. అది నేర్పింది నేనే. ప్రేమతో నేర్పానని అనుకోకండి. ఆన్‌లైన్‌లో బొంతలు అమ్మడానికి ఆవిడ పేరు మీద ఖాతా తెరుస్తుంటే సంతకం ఫోటో అడిగారు, వేలిముద్ర కుదరదన్నారు. పేరంతా దిద్దించే ఓపిక లేక మొదటి అక్షరం ఒక్కటే నేర్పించి, అదే సంతకమని పంపించాను. వాళ్లు ఒప్పుకున్నారు.

ఖాతా ఆవిడ పేరు మీద ఎందుకంటే, నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పక్కన వ్యాపారం చేస్తే మా యాజమాన్యం ఒప్పుకోదు. ఇంకో కారణం కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. పాత చీరలతో బొంత కుట్టే ముసలావిడ ఫోటో పెడితే కొనేవాళ్లకి జాలేస్తుంది. నా ఫోటో పెడితే ఎవరికీ ఏమీ అనిపించదు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. వత్సవాయి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. మోకాళ్లు పనిచేసినన్నాళ్లు పత్తి తీతకి వెళ్లింది, తర్వాత బొంతల మీద పడింది. నేను వెళ్లినప్పుడల్లా ఫోన్ తెరిచి తన పేజీ చూపించమనేది. పేరు ఎక్కడుందో వెతికి, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, "ఇదే కదే నేను?" అనేది. చర్చిలో పక్కన కూర్చున్న ప్రతివాళ్లకీ తన పేరు ఫోన్లో ఉందని చెప్పుకుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి బొంతకీ ఒక మూలన ఎర్రదారంతో ఆ అక్షరం కుట్టి ఉండేది. వంకరగా ఉండేది. నాకు నవ్వొచ్చేది, ఆవిడ ముందే నవ్వేదాన్ని.

ఆ వెబ్‌సైటు వాళ్లకి పెద్ద చట్టమే ఉంది. కొనేవాళ్లతో మాట్లాడాలంటే వాళ్ల మెసేజ్ పెట్టెలోనే మాట్లాడాలి. ఫోన్ నంబరు ఇవ్వకూడదు, ఇంటి అడ్రసు చెప్పకూడదు. బయట అమ్ముకుంటే వాళ్ల కమిషన్ పోతుంది కదా. ఒకసారి ఎవరో అడిగితే "నందిగామ వస్తే చూపిస్తాను" అని రాశాను. మర్నాడే హెచ్చరిక వచ్చింది. ఇది ఫీజు ఎగవేతకి ప్రయత్నమట, మళ్లీ జరిగితే ఖాతా మూసేస్తారట. పెద్దమ్మకి చెప్పలేదు. చెప్పినా ఏం చేస్తుందిలే అనుకున్నాను.

తర్వాత హైదరాబాద్ నుంచి ఒకావిడ తగిలింది. ఏదో అతిథి గృహం నడుపుతుందట, గదికో బొంత కావాలట, మధ్యలో ఈ కమిషన్ దేనికండీ అంది. నాకూ అదే అనిపించింది. నంబరు ఎలా పంపాలా అని ఆలోచిస్తే పెద్దమ్మ గుర్తొచ్చింది. చదువు రాదు కాబట్టి నా ఫోన్ నంబరుని ఆవిడ తన పద్ధతిలో కంఠతా పట్టింది. తొమ్మిది బొంతలు, నాలుగు దిండ్లు అంటూ అంకెకో వస్తువు తగిలించి, పాటలాగా పాడుకునేది. సున్నా వస్తే ఖాళీ మంచం. అవసరమైతే పక్కింటి ఫోన్ తీసుకుని, ఆ పాట పాడి, వాళ్లతో నొక్కించి నాకు ఫోన్ చేసేది.

ఆ పాటని ఉన్నదున్నట్టు తెలుగులో రాసి ఆర్డరు వివరంలా పంపించాను. కింద, "వరసగా చదువుకోండి, ఖాళీ మంచమంటే సున్నా" అని కూడా రాశాను. మెసేజులు తనిఖీ చేసే మిషన్‌కి తెలుగెక్కడ వస్తుందిలే అని నా ధీమా. పిల్లలకి నేను చెప్పేది ఇంగ్లీషు, నేను నమ్ముకున్నది మాత్రం తెలుగు ఎవరికీ రాదని.

సాయంత్రానికల్లా ఖాతా ఆపేశారు. ఖాతాదారు వీడియోలో కనపడి సంజాయిషీ చెప్పుకోవాలన్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దమ్మ బస్సెక్కి నందిగామ వచ్చింది. చర్చికి కట్టుకున్న చీరతోనే వచ్చింది. ఫోన్‌ని డబ్బాకి ఆనించి ఎదురుగా కూర్చోబెట్టాను.

"ఏం చేసానే నేను?" అంది.

"ఏదో నంబర్లు ఇచ్చావంటున్నారు. మిషన్ పొరపాటులే. ఏమడిగినా తెలీక చేశానని చెప్పు, ఎక్కువ మాట్లాడకు."

నేను కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చున్నాను. అవతల ఒకమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. "ఈ మెసేజ్ మీరే పంపారా అమ్మా?" అని అడిగి చదవడం మొదలుపెట్టింది. "తొమ్మిది బొంతలు, నాలుగు దిండ్లు, ఖాళీ మంచం..."

పెద్దమ్మ పెదాలు కదిలాయి. ఆ అమ్మాయి చదవకముందే మిగతాదంతా లోపల పాడుకుంటోంది. పాట అయిపోయాక తలతిప్పి నన్ను చూసింది. నేను గోడ గడియారం చూశాను. సిగ్గేసింది. కానీ సిగ్గు కన్నా భయమే ఎక్కువ వేసింది, ఎక్కడ నా పేరు చెప్పేస్తుందోనని.

"ఈ నంబరు ఎవరిదమ్మా?"

"మా ఆయనదండి."

"ఆయనతో ఒకసారి మాట్లాడించగలరా?"

"చచ్చిపోయాడండి."

మా పెదనాన్న సెల్‌ఫోన్ అనే వస్తువుని చూడకుండానే పోయాడు. ఆ పొద్దునే మోకరించి ప్రార్థన చేసుకున్న మనిషి, కళ్లు ఆర్పకుండా అబద్ధం చెప్పింది.

"ఫీజు కట్టకుండా ఎగ్గొట్టాలని చేశారా అమ్మా?"

ఆ మాట దగ్గర ఆగింది. పత్తి తూకంలో మేస్త్రీ ఎక్కువ రాస్తే వెనక్కెళ్లి సరిచేయించుకున్న మనిషి. ఎగ్గొట్టడమనే మాట ఆవిడ మీద ఊళ్లో ఎవరూ వాడలేదు.

"అవునండి," అంది. "ఎగ్గొట్టాలనే."

ఖాతా శాశ్వతంగా మూసేశారు. ఆ పేరుతో గానీ ఆ కాగితాలతో గానీ మళ్లీ ఎప్పుడూ తెరవడానికి లేదన్నారు. నాకు గుండెలమీంచి బరువు దిగింది. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు వేసింది సంతోషమే.

బస్టాండులో బస్సు కోసం నిలబడ్డాం. పెద్దమ్మ నా వైపు తిరిగి, "ఆ పాట నీకూ నాకూ మధ్యే ఉంటదనుకున్నానే," అంది.

"జగ్గయ్యపేట బస్సొచ్చింది, ఎక్కు," అన్నాను.

నెల తిరక్కుండా మా ఆయన పేరు మీద కొత్త ఖాతా తెరిచాను. ఈసారి రూల్సన్నీ చదివాను. పెద్దమ్మ కుట్టడం మానలేదు, మానితే తినేదెట్లా? "పేజీలో కింద ఎక్కడన్నా నా పేరు రాస్తావా?" అని ఒక్కసారి అడిగింది. "నీ పేరు కనపడితే ఇదీ మూసేస్తారు పెద్దమ్మా," అన్నాను. అది నిజమే. ఆవిడ విషయంలో నాకు కలిసొచ్చిన నిజం అదొక్కటే.

బొంతలు మాత్రం మూలన అక్షరంతోనే వచ్చేవి. ఇంతకుముందు కొన్నవాళ్లెవరైనా గుర్తుపడితే గొడవ. కొరియర్ ఆఫీసుకి వెళ్లేముందు ఒళ్లో పెట్టుకుని బ్లేడుతో ఆ అక్షరాన్ని విప్పేసేదాన్ని. కొన్నాళ్లకి ఒకాయన ఫిర్యాదు రాశాడు. బొంత బాగుంది కానీ ఒక మూలన చిల్లులున్నాయి, నక్షత్రం తగ్గిస్తున్నానన్నాడు. ఆ తగ్గిన నక్షత్రం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం పనిగట్టుకుని ఊరెళ్లాను.

"చిల్లులెట్టా పడతాయే? నేను దగ్గర కుట్టే కదా వేసేది," అంది పెద్దమ్మ.

"నువ్వు కుట్టిన అక్షరం నేను విప్పుతున్నా. అన్నిటికీ విప్పుతున్నా."

ఆవిడ ఒళ్లో సగం కుట్టిన బొంత ఉంది. దాని మూల వెతికి, అక్షరం మీద వేలు పెట్టింది. తర్వాత లోపలికెళ్లి ఎర్రదారం ఉండ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వే పట్టుకుపో. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు."

తెచ్చేసుకున్నాను. వద్దనొచ్చు, అనలేదు. ఇప్పుడు పార్శిళ్లకి ముడివేసేది ఆ దారంతోనే. గట్టి దారం, ఇంకా చాలా ఉంది.