పురటాసి నెలలో బీరు యాత్ర

మాది మలేసియాలోని సుంగై పెటాని. అమెరికాలోని మిల్వాకీ వెళ్ళి, అక్కడ చిన్న చిన్న కార్ఖానాల్లో తయారయ్యే క్రాఫ్ట్ బీర్లు రుచి చూడాలని నా కోరిక. ఏ వీధిలో ఏ రకం దొరుకుతుందో నెలల తరబడి వెతికి ప్రయాణమంతా నేనే సిద్ధం చేశాను. తోడు వస్తానన్న మా అక్క మొగుడికి టికెట్లు తీసే పనొక్కటే అప్పగించాను.

బావ టికెట్లు తెచ్చిన రోజు ఇంట్లో అందరికీ గొప్పగా చూపించాను. అమ్మ తేదీలు విని, "అది పురటాసి నెల గదరా! ఏటి తాగుతావు?" అంది.

ఇక్కడి తమిళుల లాగే, వాళ్ళ పురటాసి నెలంతా పెరుమాళ్ళ కోసం నేను మాంసం, మందు ముట్టను. టికెట్లు మార్చడానికి వీల్లేదు.

"నీకు గుర్తులేదా బావా?" అన్నాను.

"నేను పురటాసి పట్టను గదరా," అని బావ నవ్వాడు. "మంచిదే లా! తాగకుండా కారు తోలడానికి మనిషి దొరికినాడు."

ఇంటిల్లిపాదీ నవ్వారు, అమ్మతో సహా.

మిల్వాకీలో నిమ్మరసం తాగుతూ నేనే కారు తోలాను. బావ వెనక సీట్లో కూర్చుని ఒక్కో బీరు రుచి నాకు వర్ణించాడు.

తాగకుండా కారు తోలే మనిషి అన్న బావ మాట నేను మరిచిపోలేదు. మొన్న వాళ్ళమ్మాయి పెళ్ళికి, ఆ రోజు మందు ముట్టకూడని పెళ్ళికూతురి తండ్రి చేతే కారు తోలించి, వెనక సీట్లో కూర్చుని వెళ్ళాను.