గీత ముట్టిన ఆట

ఒక ఆట వస్తే అన్ని ఆటలూ వచ్చినట్టేనని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేదాన్ని. పర్ణశాల దగ్గర మా ఊళ్లో నాకు వచ్చిన ఆట కబడ్డీ, నేర్పింది నాయన. తర్వాత మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఛాంపియన్‌నయ్యాను, మోకాలు అరిగి రిటైరయ్యాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను (ముక్కు మాత్రం ఇంకా కొంచెం ఎడమకే చూస్తుంది). నిజానికి ఈ కెరీర్ మొదటి పోటీతోనే ముగిసిపోవలసింది. యాత్రికులను ఆటోలో తిప్పే నాయన ముందే షరతు పెట్టాడు. "గెలిస్తే ఆడుకో బిడ్డా. ఓడినవంటే భద్రాచలంల చీరల షాపుల పనికి చేరాలె." షాపు వాళ్లతో మాట్లాడి కూడా ఉంచాడు.

పోటీ ఖమ్మంలో, ఒక ఫంక్షన్ హాల్లో. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని ముందు వరసలో కూర్చున్నాడు. కాసేపు బాగానే నడిచింది. తర్వాత మధిర నుంచి వచ్చిన అమ్మాయి నన్ను కింద పడేసి వెనక నుంచి నడుము కరుచుకుంది. అంతే, కోచ్ సారు నేర్పినవన్నీ బుర్రలోంచి ఎగిరిపోయి కబడ్డీ ఒక్కటే మిగిలింది. చాప మీద సిమెంటు ప్రకటన తాలూకు పసుపు గీత కనిపించింది. కూత పెడుతూ, ఆ అమ్మాయిని వీపున మోసుకుంటూ పాకి, గీతను టపటపా కొట్టాను. ఈ ఆటలో అలా చాప తట్టడమంటే ఓటమి ఒప్పుకున్నట్టు. రిఫరీ ఆ అమ్మాయి చెయ్యెత్తాడు. పాయింటు నాదే కదా అని నేనూ చెయ్యెత్తాను.

సారు సంగతి చెప్పాక ఏడ్చుకుంటూ నాయన దగ్గరికి వెళ్లాను.

"ఓడిపోయిన నాయనా."

"ఎవరన్నరు? గీత ముట్టినవ్ గద, నేను సూసిన."

"ఇది కబడ్డీ కాదు నాయనా."

"గవన్నీ నాకు తెల్వదు. కూత గూడ ఆపలే నువ్వు. నడువు, ఆకలైతంది."

చీరల షాపు మాట నాయన మళ్లీ ఎత్తలేదు. నేను బెల్టులు గెలిచాక కూడా, మా నాయనకు రూల్స్ తెలియవని ఈ కథ చెప్పి అందరినీ నవ్వించేదాన్ని.

మొన్న ఇంటికొచ్చిన చుట్టాలకు నాయన ఫోన్లో అప్పుడెవరో తీసిన ఆ మొదటి పోటీ వీడియో చూపిస్తున్నాడు. "ఇగో, ఈడ చాప తట్టింది. తట్టిందంటే ఓడినట్టు."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "గిది నీకెప్పుడు తెలిసింది నాయనా?"

"ఆట మొదలుగాక ముందే. మీ సారును అన్నీ అడిగే కూసున్న," అన్నాడు, తలెత్తకుండానే.

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఫోన్లో అప్పటి నేను ఇంకా చెయ్యెత్తుకొనే నిలబడి ఉన్నాను. ఈసారి ఆ చెయ్యి దించమని చెప్పాలనిపించలేదు.