కుర్చీలు దిగబడిన నేల

మేము అక్కడ దిగేసరికి మధ్యాహ్నమైంది. హెలికాప్టర్ రెక్కలు ఆగేదాకా ఎర్రటి దుమ్ములో పక్కవాడు కూడా కనిపించలేదు. దుమ్ము తగ్గాక చూస్తే చెట్టు లేదు, ఇల్లు లేదు. ఎండిపోయిన వాగు ఒకటి. దానికి అటూ ఇటూ రెండు వరుసల కందకాలు. పడమటివి ఒక దేశానివి, తూర్పువి దాని పక్క దేశానివి. నడుమ ఖాళీ జాగా మా గోదావరిఖని ఓపెన్‌కాస్టు బొగ్గుగని గుంతంత వెడల్పుంటుంది. యుద్ధం ఆగి చాలా కాలమైంది. ఆ ఖాళీలో ఎవరూ అడుగు పెట్టకుండా చూడమని శాంతిసేన నీలం హెల్మెట్లు ఇచ్చి మమ్మల్ని పంపారు.

ఆ దేశాల పేర్లు రాయను. రాస్తే చదివేవాళ్లు ఏదో ఒక పక్షం పట్టుకుంటారు. నేను చూసినదాంట్లో వెనకేసుకురావడానికి ఏ పక్షమూ లేదు.

మన సైన్యపు ఇంజనీర్ల కంపెనీలో నేను బుల్డోజర్ ఆపరేటర్‌ని. పగలు రామగుండం మే నెల ఎండ. తెల్లవారుజామున రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడేవి. నీళ్లు ట్యాంకరులో వచ్చేవి, మనిషికి ఇంత అని కొలిచి పోసేవారు. నా టెంటులో వైర్‌లెస్ ఆపరేటర్ ఉండేవాడు. మంచిర్యాల పిల్లగాడు, నన్ను అన్నా అనేవాడు. ఆ దుమ్ములో మా ఇద్దరికీ ఊరి మాట అంటే ఒకరి నోట ఒకరు వినేదే.

వారానికోసారి రెండు దేశాల మేజర్లూ మా టెంటుకు సమావేశానికి వచ్చేవారు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. అవతలి జెండా కర్ర ఎత్తు పెరిగిందని ఒకాయన, మేకలు హద్దు దాటాయని ఇంకొకాయన. మేమిచ్చే టీ కూడా ఒకే కెటిల్‌లోదని తాగేవారు కాదు. ఎవరి ఫ్లాస్కు వారు తెచ్చుకునేవారు.

చలికాలం పోతుండగా కెప్టెన్ గారు మమ్మల్ని పిలిచి చెప్పారు.

"రెండు దేశాల మంత్రులు ఇక్కడే కలుస్తున్నారు. సరిగ్గా నడుమ. మందుపాతరలు తీసేవాళ్ల పని అయిపోయింది. ఇక నేల చదును చెయ్యాలి. పందిరి వేస్తారు."

నాకు నిజంగా సంతోషమైంది. ఇన్నాళ్లకు చేతికి పనికొచ్చే పని దొరికిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే డోజర్ ఎక్కాను. వాన నీళ్లు తెచ్చిన మట్టితో పూడిపోయిన పల్లం ఒకటుంది. దాని గట్టుకు బ్లేడు ఆనించి నెట్టాను. మట్టి విరిగి, ఒక బూటు నిలువుగా పైకి లేచింది. దాంట్లో ఎముక ఉంది.

ఇంజను ఆపి దిగాను. చేత్తో మట్టి తీశాను. బెల్టు, పుర్రె, మళ్లీ బూటు. అది పల్లం కాదు, పాత కందకం. దాని పొడవునా మనుషులున్నారు. బట్టలు పీలికలైనా రంగులు తెలుస్తున్నాయి. రెండు దేశాల రంగులూ ఉన్నాయి. ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు.

సెట్టులో వైర్‌లెస్ పిల్లగాడి గొంతు.

"అన్నా, ఇంజనెందుకు బంద్ జేసినవ్? కెప్టెన్ సార్ అడుగుతుండు."

"ఈడ మనుషులున్నరు తమ్మీ."

"ఎవలు? ఊరోళ్లా?"

"కాదు. సచ్చినోళ్లు. శానమంది."

సెట్టులోనే ఆ పిల్లగాడు కెప్టెన్ గారిని కేకేశాడు.

కెప్టెన్ గారు వచ్చి చూసి టోపీ తీశారు. మేజర్లిద్దరికీ కబురు పెట్టారు. వాళ్లు వచ్చారు. వాళ్ల మాటలు మాకు చెప్పడానికి ఒక దుబాసీ ఉండేవాడు, ఆ పక్క ఊరి బడిపంతులు. నేను డోజర్ పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"వీటిని పైకి తియ్యడానికి వీల్లేదు" అన్నాడు పడమటి మేజర్. "వీళ్లంతా అవతలి జైళ్లలో ఉన్నారని ఇళ్లల్లో చెప్పాం."

తూర్పు మేజర్ తల ఊపాడు. "మేమూ అదే చెప్పాం. మావాళ్లు మీ జైళ్లలో ఉన్నారని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను అక్కడికి వెళ్లాక వాళ్లు అలా చూసుకోవడం అదే మొదటిసారి. తర్వాత నవ్వారు. పెద్దగా కాదు, ఒక చిక్కు తీరిపోయినవాళ్లు నవ్వినట్టు. పడమటి ఆయన సిగరెట్ తీస్తే తూర్పు ఆయన లైటర్ వెలిగించాడు. బూటు ఇంకా అలాగే నిలబడి ఉంది, వాళ్ల కాళ్ల దగ్గరే.

కెప్టెన్ గారు వాదించారు. కనీసం మెడలో బిళ్లలైనా తీసి పేర్లు రాసుకుందామన్నారు. పందిరి నాలుగడుగులు పక్కకు జరుపుదామన్నారు. మేజర్లు ఒప్పుకోలేదు. పైనుంచి వైర్‌లెస్‌లో ఉత్తర్వు వచ్చింది. మనం పరాయి నేల మీద ఉన్నాం, వాళ్లిద్దరూ ఒప్పుకున్నదానికి అడ్డం రావొద్దు. చదును కానివ్వండి.

"నేను చెయ్యను సార్" అన్నాను.

కెప్టెన్ గారు నా వైపు చూశారు.

"మా నాయన బొగ్గుబావిలో పనిచేశాడు సార్. బావిలో మనిషి చిక్కుకుపోతే, చచ్చాడని తెలిసినా సరే, పైకి తెచ్చేదాకా అతని షిఫ్టువాళ్లు ఇళ్లకు పోయేవాళ్లు కాదు. నేను ఆ ఇంట్లో పెరిగాను. వీళ్ల మీద మట్టి తొయ్యలేను."

ఆయన కోపం చేయలేదు. "డోజర్ తాళం ఇచ్చెయ్యి. రేపటినుంచి కుర్చీలు దించే పని నీది" అన్నారు. దానికి మించిన శిక్ష వెయ్యలేదు.

నేను తప్పుకున్నంత మాత్రాన పని ఆగలేదు. పడమటి దేశం తన డోజర్ తెచ్చింది. తూర్పు దేశం లారీల్లో మట్టి తెచ్చింది. నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు తుపాకులు గురిపెట్టుకున్న సైనికులు కలిసి మట్టి సర్దారు. ఒకే కెటిల్‌లోంచి టీ తాగారు. దాన్ని కెమెరాలతో తీశారు కూడా. రెండు దేశాల తొలి ఉమ్మడి పని అని రేడియోలో చెప్పారట. పంతులు నాకు చెప్పి పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

తొందరలో మట్టిని గట్టిపరిచే రోలర్ తిప్పలేదు. నీళ్లు చల్లి, పైన ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచారు. అత్తరు చల్లారు. ఎండకు ఆ ప్లాస్టిక్, ఆ అత్తరు కలిసి కంపు కొట్టాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని కుర్చీలు దించాను.

మంత్రులు వచ్చారు. బ్యాండు వాయించారు. ఇద్దరూ ఎడంగా, బిగుసుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి తూర్పు మంత్రి కుర్చీ వెనక కాళ్లు నేలలో దిగబడ్డాయి. ఆయన వెనక్కి ఒరిగి, పడిపోతానని పడమటి మంత్రి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఈయన రెండు చేతులతో లాగాడు. ఇద్దరూ నవ్వారు. కెమెరాలన్నీ ఒక్కసారి మెరిశాయి. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

"థూ" అన్నాడు నా పక్కన వైర్‌లెస్ పిల్లగాడు. "గిదేందన్నా గీ దోస్తానా. కింద ఎవలున్నరో ఎర్కుండి గూడ నవ్వుతున్నరు."

ఆ తర్వాత కొన్నాళ్లకు మా గడువు ముగిసింది. రామగుండం స్టేషన్లో దిగితే చిన్నాయన, అక్క, బావ వచ్చారు. చిన్నాయన చేతిలో పేపరు. అందులో అదే ఫోటో, చెయ్యీ చెయ్యీ పట్టుకున్నది.

"మనోడు ఈడనే ఉండెనట!" అని ప్లాట్‌ఫారం మీద కనబడ్డవాళ్లందరికీ చూపించాడు. "అన్నదమ్ముల లెక్క ఎట్ల పట్టుకున్నరో సూడుండ్రి!"

ఆదివారం మా చర్చిలో పాస్టర్ గారు నన్ను ముందుకు పిలిచారు. "సమాధానపరచువారు ధన్యులు, అంటే శాంతి కుదిర్చేవాళ్లు. నువ్వు కండ్లార చూసొచ్చినవ్ బిడ్డా, నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నిలబడ్డాను. ముందు వరుసలో అమ్మ తెల్లచీర కట్టుకుని నన్నే చూస్తోంది. అక్కడివాళ్ల కోసం ప్రార్థన చెయ్యమని చెప్పి వచ్చి కూర్చున్నాను.

చెప్పలేకపోయింది ఇది.

ఆ రోజు మంత్రుల కార్లు పోయాక, పందిరి చుట్టూ కట్టిన కంచె తీసేశారు. నేను కుర్చీలు ఎత్తి లారీలో వేస్తున్నాను. నేను తీసిన మేర ప్లాస్టిక్ గడ్డి చుట్టేస్తున్నారు. కుర్చీ తీసిన చోటల్లా మెత్తటి మట్టిలో కాళ్లు దిగబడిన నాలుగు గుంతలు. పక్క ఊరి నుంచి ఒక ముసలామె వచ్చింది. నేను ఉన్నానని కూడా చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక గుంతకు నోరు ఆనించి ఏదో పేరు పిలిచింది.

"కొడుకు" అన్నాడు పంతులు నా పక్కకు వచ్చి. "జైల్లో ఉన్నాడని కాగితం ఇచ్చారు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మేకలు మేపేవాళ్లు ఈ కందకంలో శవాలు ఎప్పుడో చూశారు."

ఆమె చెవి ఆ గుంతకు ఆనించింది. విన్నది. తర్వాతి గుంత దగ్గరికి జరిగి మళ్లీ పిలిచింది.