సున్నా పాయింట్ల స్వర్ణలత

స్వర్ణలత భారత వాలీబాల్ జట్టు తరఫున నలభై ఒక్క మ్యాచ్‌లు ఆడింది. కొట్టిన పాయింట్లు సున్నా. మార్కాపురంలోని క్రీడా కార్యాలయంలో సూపరింటెండెంటు ఈ సంగతిని దొంగను పట్టుకున్నంత సంబరంగా బయటపెట్టాడు.

"ఇట్లయితే కోచ్ ఉద్యోగం ఎట్ల ఇయ్యాలమ్మా? జట్టుతో పోయినావు గానీ, ఆడినట్టు యాడుంది?"

ఆమె లిబెరో. వెనక వరసలో నిలబడి, అవతలివాళ్లు కొట్టిన బంతి నేల తాకకుండా లేపడమే పని. లిబెరో సర్వీసు చేయకూడదు, నెట్ మీంచి స్మాష్ కొట్టకూడదు. ఆట నియమమే అది. చేతులు కట్టేసి, ఎందుకు కొట్టలేదని నిలదీస్తే ఎవరైనా ఏం చెప్తారు?

ఈ విద్య ఆమెకు అబ్బింది పుల్లలచెరువు అవతల ఓ పల్లెలో. అక్కడి కోర్టుకు మూడు వైపులా సర్కారు కంప. ఊరందరికీ ఒకటే బంతి. గీత దాటిందా, ముల్లు దిగి పంచరే. ఆ వారానికి ఆట బంద్. అందుకే స్మాష్ కొట్టేవాడికంటే బంతిని కంపలోకి పోనివ్వని వాళ్లకే అక్కడ మర్యాద. మేకలు మేపే పిచ్చయ్య కూతురు పలకరాళ్ల మీద మోకాళ్లు చెక్కుకుపోయేలా దొర్లి బంతి లేపుతుంటే, పెద్ద పిల్లలు సైతం జట్టులోకి ముందు ఆమెనే కోరుకునేవాళ్లు.

ఆ మోకాళ్లతోనే ఖాట్మండు, కొలంబో, బ్యాంకాక్ తిరిగింది. బ్యాంకాక్‌లో ఐదో సెట్‌లో వరసగా నాలుగు స్మాష్‌లు లేపేసరికి, కొట్టినమ్మాయి ఉక్రోషంతో నెట్‌ను గుద్దింది. తిరిగొచ్చాక పత్రికలు 'పేదరికాన్ని జయించిన ఆణిముత్యం' అని రాశాయి. పేదరికాన్ని ఎవరూ జయించలేదు. ఇంట్లో నీళ్లు ఇప్పటికీ ట్యాంకరువే. శాలువాలు బోలెడు వచ్చాయి, ఉద్యోగం రాలేదు. ఇప్పుడున్నది ఒక్క కోచ్ పోస్టు. దానికి ఆమె వయసు ఈ ఏడాదితో దాటిపోతుంది.

పక్కనే నిలబడ్డ పిచ్చయ్య ఊరుకోలేదు.

"అయ్యా, మందకు కాపలా కుక్కను పెట్టుకొని, అది ఎన్ని పిల్లల్ని ఈనిందని అడుగుతారా యాడన్నా? తోడేలును రానిచ్చిందా లేదా, అది గదా చూడాల!"

"నాయనా, నన్ను కుక్కను చేసినావు గదా," అంది స్వర్ణలత.

"మంచి కుక్కనే అన్నాలే, అమ్మీ."

గుమాస్తాలు నవ్వారు. సూపరింటెండెంటు నవ్వలేదు.

"ఫారంలో పాయింట్ల గడి ఉందమ్మా. దాంట్లో సున్నా ఉంటే నేనేం చేసేది? అది సరే గానీ, వచ్చే వారం క్రీడా దినోత్సవానికి నువ్వే ముఖ్య అతిథి. జ్యోతి వెలిగించాల."

అప్పటిదాకా ఓర్చుకున్న స్వర్ణలతకు ఒళ్లు మండింది.

"జ్యోతికైతే దేశానికి ఆడినదాన్ని, ఉద్యోగానికైతే ఆడనిదాన్నా? ఏంది సార్ ఇది? ఇయ్యనన్న మాటే రాసియ్యండి. 'లిబెరోగా ఆడింది, పాయింట్లు కొట్టలేదు, కాబట్టి అనర్హురాలు' అని రాసి సంతకం పెట్టండి."

"రాతలెందుకమ్మా? పైఆఫీసులో చెప్తాలే."

"పైన నేనే చెప్పుకుంటా. మీరు రాయండి."

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అతను విసుగ్గా 'లిబెరోగా ఆడింది' వరకు రాసి ఆగాడు.

"ఏమయ్యా, ఈ లిబెరో అంటే ఏంది?" అని పక్క గుమాస్తాను అడిగాడు.

గుమాస్తా ఫోనులో వెతికాడు. "సర్వీసు లేదు, స్మాష్ లేదంట సార్. కొడితే అవతలోళ్లకు పాయింటంట."

కింద తన సంతకం ఉండబోయే కాగితాన్ని సూపరింటెండెంటు ఇంకోసారి చూసుకున్నాడు. దాన్ని చించి, కొత్త కాగితం మీద 'అర్హత పరిశీలించవచ్చు' అని రాశాడు.

"పరిశీలించేదేముంది సార్ ఇంక?"

కొట్టేసి 'అర్హురాలు' అని రాసి, సంతకం గీకాడు.

"తేదీ కూడా వెయ్యండి," అంది స్వర్ణలత.