కాయ ఎర్రబడేదాకా

మిరప విత్తనాలు అమ్మేవాడు ఉద్యోగం మానేయడానికి అనువైన నెల ఏదని ఎవరైనా అడిగితే, అలాంటి నెల లేదని చెబుతాను. ఎండాకాలమంతా డీలర్ల దగ్గర ఆర్డర్లు తీసుకోవాలి. తొలకరికి ప్యాకెట్లు ఊరూరా చేరాలి. నారు పోసిన దగ్గర్నుంచి రైతుల ఫోన్లు మొదలవుతాయి. మొలక రాలేదని ఒకరు, వచ్చింది వాడిపోతోందని ఇంకొకరు, ఆకు ముడుచుకుందని మరొకరు. చలికాలంలో కాయ కోతకొస్తుంది, కల్లంలో ఎండుతుంది, గుంటూరు యార్డుకు చేరుతుంది. అక్కడ బస్తాలు లారీ దిగకముందే మా హెడ్డాఫీసు నుంచి వచ్చే ఏడాది టార్గెట్ దిగుతుంది. ఈ చక్రంలో ఎక్కడ కాలు బయట పెట్టాలో నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

నేను గుంటూరులో ఏరియా మేనేజరుని. అటు సత్తెనపల్లి నుంచి ఇటు మార్టూరు, పర్చూరు దాకా నా కింద ఉండేది. అద్దె గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. నా భార్యది హైదరాబాదులో టీచరు ఉద్యోగం, పాప అక్కడే ఆమె దగ్గర చదువుకునేది. శనివారం రైలెక్కడం, ఆదివారం సాయంత్రం మళ్లీ రైలెక్కడం. నేను చొక్కా మార్చుకుంటూ ఉండగానే పాప నా సంచీని రెండు చేతులతో ఈడ్చుకొచ్చి గుమ్మం పక్కన పెట్టేది. పెట్టమని ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ నీళ్ల సీసా ఇచ్చినట్టే అదీ ఇంటి పనుల్లో ఒకటైపోయింది.

"ఈ కోత అయిపోగానే మానేస్తాను," అని ప్రతి ఏడాదీ చెప్పేవాణ్ణి.

"మీరు కోతలు కొయ్యడం చాలించండి ముందు," అనేది నా భార్య. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత తర్వాత నవ్వు లేకుండానే అనడం మొదలుపెట్టింది.

నిజం చెప్పాలంటే నాకు రెండు చోట్లా ఉండాలనుండేది. హైదరాబాదులో ఉన్నంతసేపూ నల్లరేగడి చేల మధ్య బండి మీద పోయే రోడ్డు గుర్తొచ్చేది. ఆ రోడ్డు మీద ఉన్నప్పుడు పాప జడ గుర్తొచ్చేది. ఎక్కడ ఉంటే అక్కడ లేనట్టే బతికాను.

మా వైపు కొన్ని ఊళ్లలో ఒక అలవాటుంది. తొలి కోతలో పండుకాయ కల్లానికి పోకముందే కొంచెం తీసి గుడ్డలో మూట కడతారు. ఇంట్లో కొరివికారానికి కొంత, విత్తనం ఎవరి మాట మీద వేశారో వాళ్లకు కొంత. ఆ మూట అందిందంటే ఆ ఏడాది నా మాట నిలబడినట్టు. దాన్ని హైదరాబాదు తీసుకెళితే నా భార్య తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి తొక్కి జాడీకెత్తేది. పాపకు కారం తగలకూడదని దూరంగా కూర్చోబెట్టేవాళ్లం. అక్కణ్ణుంచే మెడ చాచి, ఈసారి ఎరుపు బాగుందనో, పోయినసారే బాగుందనో తీర్పు చెప్పేది.

అలా ఉండగా ఒక ఏడాది దసరా ముందు హైదరాబాదులోని ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. దక్షిణాది మొత్తానికి మార్కెటింగ్ చూసుకోవాలి. ఆఫీసు మా ఇంటికి బస్సులో పోయేంత దూరం. వచ్చే నెల మొదట్లో చేరాలి. ఇంతకంటే ఏం కావాలి? చేలన్నీ పూత మీదున్నాయి, పురుగు పెద్దగా లేదు, విత్తనాల అమ్మకం ఎప్పుడో అయిపోయింది. మానేయడానికి ఇదే మంచి సమయమని లెక్కేసుకున్నాను. రాజీనామా పంపించి నా భార్యకు ఫోన్ చేశాను. "పాపకు చెప్పనా? చెప్పాక మళ్లీ మాట మారిస్తే ఊరుకోను," అంది. చెప్పమన్నాను.

మార్టూరు డీలరు మర్నాడే ఫోన్ చేశాడు.

"సార్, మీరు వెళ్లిపోతన్నారంటగా? ఇక్కడ రైతులంతా షాపు ముందు కూర్చున్నారు సార్. విత్తనం తేడా కొట్టిందని, అది తెలిసే మేనేజరు ముందే సర్దుకుంటన్నాడని అంటన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు తిరిగితే ఇదా నా మీద నమ్మకం? కానీ కోపం తగ్గాక ఆలోచిస్తే వాళ్ల భయం నాకు తెలియనిది కాదు. కల్తీ విత్తనం అంటగట్టినవాడు కాయ పడే ముందే ఫోన్ కట్టేసి మాయమవడం ఈ ప్రాంతం చూసిందే. పూత మీద మేనేజరు మానేశాడంటే వాళ్లకు తోచే అర్థం ఒక్కటే. నాకు మంచి సమయమనిపించిందే వాళ్లకు అన్నిటికన్నా చెడ్డ సమయం. ఇంకో సంగతి కూడా ఉంది. అవి శనగ వేసే రోజులు. మిరప మీద ఆశ పోయినవాడు ఇంకా ఆలస్యం కాకముందే చేను దున్నేసి శనగ చల్లుకోవచ్చు.

గ్రానైటు లారీల వెనక దుమ్ము తింటూ మార్టూరు చేరి, డీలరును వెంటబెట్టుకుని పక్క ఊరు వెళ్లాను. అక్కడ ఒక పెద్దావిడ కౌలుకు మిరప వేసింది. భర్త లేడు, మాట మాత్రం ఊరంతటికీ వినబడుతుంది. మేము వెళ్లేసరికి ఆవిడ చేలో ట్రాక్టరు తిరుగుతోంది. సగం చేను అప్పటికే మట్టిలో కలిసిపోయింది. గొర్రు కింద పడిన మొక్కలు తెల్లటి పూతతోనే పక్కకు ఒరిగి ఉన్నాయి. ఒక మొక్క తీసి చూశాను. ఏ రోగమూ లేదు. కొమ్మల సందుల్లో పిందె కూడా పడింది.

"ఆపవయ్యా ట్రాక్టరు!" అని నేను అరిచిన అరుపుకు డ్రైవరు నిజంగానే ఆపేశాడు.

పెద్దావిడ గట్టు మీద నుంచి లేచింది. "ఏంది నాయనా, పోతా పోతా చూసిపోదామని వచ్చావా?"

"ఏం పని పెద్దమ్మా ఇది? మొక్క ఇంత బాగుంటే దున్నించడమేంటి? నన్నొక్క మాట అడగొద్దా?"

"పొయ్యేవాణ్ణి ఏమని అడిగేది? ప్యాకెట్టు మీద బొమ్మ చూసి యేశాననుకున్నావా? నీ మొహం చూసి యేశాను. ఆ మొహమే పోతంటే నేనేం చూసుకుని ఉంచాల ఈ చేను?"

విత్తనం మంచిదని చెప్పాను. ఉద్యోగం మారేది పెళ్లాం బిడ్డల కోసమని చెప్పాను. చుట్టూ చేరిన రైతులు విన్నారు, అబద్ధమని ఎవరూ అనలేదు, నమ్మినట్టూ కనబడలేదు. పక్క చేను రైతు మాత్రం నేల చూస్తూ, "అట్టయితే కాయ ఎర్రబడేదాకా ఉండి పో సార్," అన్నాడు. దున్నని సగం చేను గాలికి ఊగుతోంది. ట్రాక్టరు ఇంజను ఇంకా ఆగలేదు. డ్రైవరు ఆవిడ మొహం వంకా నా మొహం వంకా చూస్తున్నాడు.

"ఉంటాను," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకే వినబడింది.

గట్టు మీద నుంచే ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య అంతా విని, "పాపకు నేను చెప్పను. మీరే చెప్పుకోండి," అని ఫోన్ పాప చేతికిచ్చింది. పాప ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండేది.

"అయితే కాయ ఎర్రబడ్డాక వస్తావా నాన్నా?"

"వస్తాను తల్లీ."

"సరే," అని పెట్టేసింది. అంత తేలిగ్గా సరే అనడం ఆ పిల్లకు నేనే నేర్పానని అప్పుడు తెలిసింది.

హైదరాబాదు కంపెనీవాళ్లు కోత దాకా ఆగడమేంటని నవ్వారు. ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. రాజీనామా వెనక్కి తీసుకుంటానంటే మా బాసు అదంతా జీతం పెంచుకోవడానికి వేసిన ఎత్తనుకుని నన్ను మెచ్చుకున్నాడు. ఆ శీతాకాలం అంతా నేను చేసిందల్లా ఆ చేల గట్ల మీద కనబడుతూ ఉండడం. అంతకు మించిన మందేదీ నా దగ్గర లేదు. పిందె కాయైంది. కాయ ముదిరింది. ఒక పొద్దున ఆకుల మధ్య అక్కడక్కడా ఎరుపు తొంగిచూసింది. దాన్ని చూసి సంతోషపడాల్సింది పోయి, ఇక వెళ్లాలి కదా అని దిగులు పడ్డాను.

తొలి కోత నాడు పెద్దావిడ మూట నా చేతిలో పెట్టింది. సగం చేను కాపే అయినా మూట మాత్రం చిన్నది చెయ్యలేదు. "తొందరపడ్డాను నాయనా," అంది. ఎవరి తొందర గురించి మాట్లాడుకుంటున్నామో నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆ వారమే మళ్లీ రాజీనామా ఇచ్చాను. ఈసారి చేతిలో వేరే ఉద్యోగం లేదు. ఊళ్లలో ఎవరూ గుసగుసలాడలేదు. కాయ చేతికొచ్చాక మేనేజరు ఎటు పోతే ఎవరికేం?

కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాక ఒక డ్రిప్పు పైపుల కంపెనీలో పని దొరికింది. కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పాలి. పోయిన అవకాశంతో పోలిస్తే చిన్నదే. చల్లటి గదిలో, గోడ మీది తెర మీద చేల బొమ్మలు చూపిస్తాను. సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. పాపకు లెక్కలు నేనే చెబుతాను. ఇన్నేళ్లూ కోరుకున్నది ఇదే. కోరుకున్నది దొరికినవాడు ఇంత దిగులుగా ఎందుకుంటాడో నాకు తెలియదు.

జూన్‌లో మొదటి వాన పడిన ఆదివారం సాయంత్రం పెద్దావిడ ఫోన్ చేసింది. "ఈ ఏడు ఏ విత్తనం యెయ్యమంటావు నాయనా?"

"నేనిప్పుడు ఆ పనిలో లేను కదా పెద్దమ్మా. ఏవి మంచివో నాకు తెలియడం లేదు."

"తెలవకపోతే వచ్చి చూసి చెప్పు. నేల తడిసింది ఇక్కడ."

తడిసిన నల్లరేగడి వాసన ఆ మాటతోపాటే వచ్చింది. వెళ్లాలనిపించింది. ఆ రాత్రి రైలుకే, ఉన్నపళంగా వెళ్లిపోవాలనిపించింది. సరే పెద్దమ్మా, మళ్లీ మాట్లాడతానని ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను.

పాప నా సంచీని లోపలి గదిలో నుంచి ఈడ్చుకొచ్చి గుమ్మం పక్కన పెడుతోంది. వాడకపోవడంతో దాని మీద దుమ్ము పట్టింది. అరచేత్తో దుమ్ము దులిపి, నా వైపు చూడకుండానే అడిగింది. "మళ్లీ ఎర్రబడ్డాకేనా నాన్నా?"