హానా క్లెగ్ అరలో పెట్టని ట్యాంకు

ఇంగ్లండులో బట్టల మిల్లుల ఊరు బర్న్‌లీలో, మా వీధికంతటికీ నోటి దురుసు మనిషని హానా క్లెగ్‌కి పేరు. ఆమె కోపం మీద నాకెప్పుడూ ఫిర్యాదు లేదు. నా మంటంతా ఆ కోపం తెప్పించినవాళ్ళ మీదే.

భర్త పోయాక మిల్లులో నాలుగు మగ్గాలు నడుపుతూ కొడుకు విల్ఫ్రెడ్‌ని ఒక్కతే పెంచింది. ఏటా వేసవిలో మిల్లులన్నీ మూసేసే వారం రాగానే తల్లీకొడుకులు సముద్రం ఒడ్డునున్న ఏదో ఒక ఊరికి పోయేవాళ్ళు. వచ్చేటప్పుడు ఆ ఊరి ముద్ర వేసిన బుల్లి పింగాణీ బొమ్మ ఒకటి కొనుక్కొచ్చేవాళ్ళు. కూజానో, చెప్పుజోడో, దీపస్తంభమో. పొయ్యి పైనున్న అరలో వాటిని వరసగా పేర్చేది. తను కాలు పెట్టని ఊరి బొమ్మ ఊరికే ఇచ్చినా పుచ్చుకునేది కాదు. విల్ఫ్రెడ్ ఏది బేరమాడి కొన్నాడో, దేన్ని జేబులో కుక్కుకుని పిడి విరగ్గొట్టాడో కదిపితే చాలు, పొద్దు గూకేదాకా చెప్పేది.

ఆ విల్ఫ్రెడ్ ఫ్రాన్స్‌లో, యుద్ధంలో, యుద్ధ ట్యాంకు వెనక నడుస్తూ చచ్చిపోయాడు. శవం కూడా దొరకలేదు.

యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో ఆమె ఆడపడుచు సెలీనా సముద్రం ఒడ్డునున్న బ్లాక్‌పూల్ నుంచి కానుక తెచ్చింది. పింగాణీ ట్యాంకు! ఒక పక్క బ్లాక్‌పూల్ ముద్ర, అంచులకి బంగారు పూత. అలాంటివి చేసి అమ్మేవాళ్ళకి సిగ్గు లేదు, కొనేవాళ్ళకి బుద్ధి లేదు. తెచ్చిచ్చిన బొమ్మని అరలో పెట్టకపోతే ఇచ్చినవాళ్ళని అవమానించినట్టే మా ఊళ్ళో. హానా దాన్ని బొగ్గుల కొట్లో పడేసింది.

మిల్లులో మగ్గాల మోతకి మాట వినబడదు. మేమంతా పెదాలు చూసే మాట్లాడుకుంటాం. సెలీనా పోయి పోయి అక్కడే పంచాయితీ పెట్టింది.

"ఏం వదినా, నా బొమ్మ నీ కంటికి ఆనలేదా?"

"పట్టుకుపో దాన్ని."

"అందరూ పెట్టుకున్నారు. నీ ఒక్కదానికేనా కొడుకు పోయింది?"

ఇంటికెళ్ళి అడిగుంటే గొడవ ఇద్దరి మధ్యే ఉండిపోయేది. ఇక్కడ ఈ కొస నుంచి ఆ కొస దాకా అందరి కళ్ళూ వాళ్ళ పెదాల మీదే ఉన్నాయి. వాళ్ళలో కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

హానా ఆఖరి మగ్గం దాకా తెలిసేలా ఒక్కొక్క మాటా విప్పి చెప్పింది.

"బ్లాక్‌పూల్‌ది నాకొద్దు సెలీనా. నా కొడుకు ప్రాణం వదిలిన ఊరేదో కనుక్కో. ఆ ఊరి ముద్ర ఉన్నది తే. పెట్టుకుంటాను."

సెలీనా తల దించుకుని తన మగ్గం మీద తెగిన పోగుల కోసం తడుముకుంది. మామూలుగా అయితే పక్కవాళ్ళు పరిగెత్తి ముడేస్తారు. ఆ రోజు ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు.