చెంప మీద గుర్రం

మాచర్ల బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, వెండిపని చేసే సాయిబునని చెప్పుకున్నాడు. నా చేతిలోని నాణెం చూసి, "ఒక్కసారి ఇస్తావా అమ్మా?" అన్నాడు.

అది నాన్న ఎప్పుడో కొన్న ప్రాచీన గ్రీకు వెండి నాణెం. దాని మీదున్న దేవుడి ముఖం చెంప దగ్గర గజిబిజిగా ఉంటుంది. నాన్నకి ఎవరో దొంగ నాణెం అంటగట్టారని ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

ఆయన ఒళ్లో రుమాలు పరిచి, నాణేన్ని దాని మీద పెట్టుకుని, ఎండకేసి మెల్లగా తిప్పాడు.

"దొంగది కాదమ్మా. పాత నాణేన్ని కరిగించకుండా, కాల్చి దాని మీదే కొత్త అచ్చు కొట్టారు. కింద బొమ్మ పూర్తిగా పోలా. ఇదిగో, చెంప మీద గుర్రం కాళ్లు చూడు."

చూశాను. ఇన్నేళ్లూ గీతలనుకున్నవి పరుగెత్తే కాళ్లు.

"కొన్న మనిషికి చానా చూపుందమ్మా" అంటూ నాణేన్ని రెండు చేతులతో తిరిగిచ్చి, ఆయన గురజాల బస్సెక్కాడు.

వెంటనే నాన్నకి ఫోన్ చేసి, "నువ్వు మోసపోలేదు నాన్నా" అని జరిగిందంతా చెప్పాను.

నాన్న మెల్లగా అడిగాడు.

"గుర్రం కాళ్లు ఆయనక్కూడా కనపడినయ్యా?"